బండికొక గడ

ఇలాంటివి రిటైరైన వాళ్ళు రాయాలి. మా సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు అదే మాట అన్నాను. "నువ్వూ రిటైరైనట్టే కదమ్మా" అన్నారాయన. నిజమే. ముప్పై నిండకముందే ఉద్యోగం మానేశాను. మానిపించినది ఇప్పుడు పక్క మంచం మీద నోరు తెరుచుకొని నిద్రపోతోంది. ఈ నెలలోనే నడక నేర్చుకుంటోంది. పగలంతా దాని వెనక చేతులు చాచుకొని తిరగడంతోనే సరిపోతుంది కాబట్టి, అది పడుకున్నాకే నాకు కలం దొరుకుతుంది. అది దగ్గితే లేచి వెళ్తాను. ఎక్కడైనా వాక్యం తెగినట్టుంటే కారణం అదే అనుకోండి.

సంఘంలో కొత్తగా చేరిన అమ్మాయిలకు చందాలు వసూలు చేయడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు బాగా సాగిన వసూలు ఒక్కటే. అది ఒక కుక్క కోసం చేసింది. డబ్బు సమకూరడం కష్టమని మీకు అందరూ చెబుతారు. సమకూరిన తరువాత వచ్చే కష్టం ఎవరూ చెప్పరు. నేను చెప్పగలిగింది అదే.

మా సంఘం నిజామాబాద్‌లో చూపు లేనివాళ్ళ కోసం పెట్టింది. బోధన్‌లో సంఘానికి ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆఫీసుల నుంచి, సినిమా హాళ్ళ నుంచి చిరిగిన కుర్చీలు వస్తే అక్కడ మా వాళ్ళు కొత్త పేము అల్లి పంపేవాళ్ళు. కుర్చీకింత అని కూలి. డిగ్రీ పాసైన వెంటనే నాకు దొరికిన ఉద్యోగం అది. బస్సులెక్కి ఊళ్ళు తిరగడం, చూపు పోయిన మనిషి ఏ ఇంట్లో ఉన్నాడో కనుక్కోవడం, ఇంటివాళ్ళను ఒప్పించి షెడ్డుకు రప్పించడం నా పని. ఒప్పించడం మొదట్లో అసలు చేతనయ్యేది కాదు.

బోధన్‌కు నడిచిపోయేంత దూరంలో ఒక పల్లె. అక్కడొక చెరుకు కొట్టే కూలీ ఉండేవాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది. రెండోదానికి కోత రోజుల్లో చెరుకు ఆకు గీసుకుంది. ఎవరో పసరు పోశారు. పుండై అదీ పోయింది. నేను వెళ్ళేసరికి అతనికి పాతికేళ్ళు దాటి ఉంటాయి. నన్ను చూసి, చూసి అనకూడదేమో, నా చెప్పుల చప్పుడు విని, "కొత్త చెప్పులు. సర్కారు మనిషి" అన్నాడు. అతని భార్య వెంటనే, "సర్కారు మనిషి మనింటికెందుకొస్తది? ఏదో అమ్మెతందుకు వచ్చి ఉంటది" అంది. ఇద్దరిదీ తప్పే అయినా ఆ ఇంటి తీరు నాకు అప్పుడే తెలిసింది.

అతనికి షెడ్డు పని కుదిరింది. వేళ్ళు చురుకైనవి. చెరుకు కొట్టుడు లేని నెలల్లో భార్య అతన్ని తీసుకొచ్చి దింపేది. ఒక కట్టె, ఒక కొస ఆమె చేతిలో, రెండో కొస అతని చేతిలో. చిక్కంతా కొట్టుడు మొదలైతేనే. కూలీల ముఠా తెల్లవారకముందే మడిలో దిగుతుంది. అది గుత్త పని. "ఈయన్ను దింపి నేను వాపస్ పోయేవరకు సగం మడి కొట్టేస్తరు అక్కా. సగం దినం మనిషిని ముఠాల ఎవరు పెట్టుకుంటరు?" అంది ఆమె. ఆ ఇంటికి సంవత్సరమంతటికీ ఆధారం ఆ నెలల కూలే. అతను షెడ్డుకొస్తే ఆమె కూలి పోతుంది. ఆమె కూలికి పోతే అతని కుర్చీల కూలి పోతుంది. కట్టె పట్టుకొని ఒకసారి ఒంటరిగానే బయలుదేరాడు. చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో బోధన్ రోడ్డు మీకు తెలిసిందే. ఎటు చూసినా చెరుకు బండ్లు, మధ్యలో లారీలు. కింద కట్టెకు ఏమీ తగల్లేదు, పైన ఒక బండి నొగ అతని రొమ్ముకు తగిలింది. చాలా రోజులు మంచం దిగలేదు.

అలాంటి సమయంలో మా కార్యదర్శిగారు, ఆయన రిటైరైన హెడ్మాస్టరు, లైబ్రరీలో ఏదో ఇంగ్లీషు పత్రికలో ఒక బొమ్మ చూశారు. చూపు లేని మనిషి కుక్క వీపు మీది పట్టీ పట్టుకొని పట్నం రోడ్డు దాటుతున్నాడు. ఆ రోజు నుంచి ఆయనకు వేరే మాట లేదు. సికింద్రాబాద్‌లో ఒక రిటైరైన మిలిటరీ మనిషి ఉన్నాడని, పటాలంలో కుక్కలకు తర్ఫీదు ఇచ్చేవాడని కనుక్కొని వచ్చారు. ఆ మనిషి దారి చూపే తర్ఫీదు తానెప్పుడూ ఇవ్వలేదని, కానీ ఏడాది దాటిన ఒక ఆల్సేషియన్‌ను తీసుకొని ప్రయత్నిస్తానని ఒప్పుకున్నాడు. దానికి తిండి, అతనికి జీతం, చివర్లో పల్లెకు వచ్చి కొన్ని వారాలు ఉండటానికి ఖర్చు, అన్నీ మేమే సమకూర్చాలి.

నిజామాబాద్ గంజ్‌లో మొదలుపెట్టాం. మా కోశాధికారే పసుపు సేటు. మొదటి అభ్యంతరం ఆయనదే. "గుడ్డోనికి బువ్వ పెట్టుమంటే పెడతరు. బట్ట ఇయ్యుమంటే ఇస్తరు. కుక్కకు చందా అంటే ఎవడిస్తడమ్మా?" అన్నాడు. ఎవరూ ఇవ్వలేదు. ఒక పెద్దమనిషి ఆవును కొనిపెట్టమన్నాడు, పుణ్యమూ పాలూ రెండూ వస్తాయని. ఒక బట్టల దుకాణంలో కుక్కకు పరుపు వేయమని పాత దుప్పటి ఇచ్చారు. మనుషులకే దిక్కులేదు కుక్కకా అన్న మాట ఎన్ని దుకాణాల్లో విన్నానో. చివరికి సేటు, కుక్క సంగతి ఎత్తకుండా అంధుల సహాయం అని అడగమన్నాడు. కార్యదర్శిగారు కాస్త మెత్తబడ్డారు కూడా. ఆ మాట నేను ఆ పల్లెలో చెబితే అతని భార్య ఒప్పుకోలేదు. "కుక్క కోసమని చెప్పే అడుగుండ్రి. రేపు కుక్కొచ్చినంక మోసం చేసిండ్రంటరు. ఆ మాట మీకు పడదు, మాకు పడతది."

ఆ రోజు తిరుగు బస్సు దొరక్క కాంటా దగ్గర నిలబడ్డాను. ఫ్యాక్టరీకి వచ్చిన చెరుకు బండ్లను తూచే చోటు అది. చందూరు వైపు నుంచి, వర్ని వైపు నుంచి వచ్చిన బండ్లు చలిలో వరుసగా నిలిచి ఉన్నాయి. ఏం తోచక ముందున్న చందూరు బండి పెద్దాయనకు కుక్క సంగతి చెప్పాను. తలపాగా చెవుల మీదికి లాక్కొని శ్రద్ధగా విన్నాడు. "పైసలు ఇప్పుడేడియి బిడ్డా? తూచినంక చీటి ఇస్తరు. పైసలు ఎన్నటికో. మా దగ్గర ఉన్నది చెరుకే" అన్నాడు. అని ఊరుకోలేదు. బండిలోంచి ఒక గడ గుంజి నా చేతిలో పెట్టాడు. "పొద్దంత పోరగాండ్లు గుంజుకపోతనే ఉంటరు. వాటిల్ల ఇదొకటి."

ఆ గడతో నేను ఏం చేయాలో నాకు తెలియలేదు. వెనక బండి మనిషికి తెలిసింది. అతనూ ఒకటి గుంజి నా కాళ్ళ దగ్గర వేశాడు.

ఇక బండికొక గడ అని ఆ చలికాలమంతా సాగింది. కాంటా దగ్గర చీటీలు రాసే మున్షీ ఒక్క షరతు పెట్టాడు. "కాంటా ఎక్కినంక గడ ముడితే చోరీ అయితది మేడం. ఎక్కకముందు మీ ఇష్టం, వాళ్ళ ఇష్టం." రోడ్డు పక్కన కుప్ప పెరిగింది. మాకు పర్మిట్ లేదు కాబట్టి ఆ చెరుకు ఫ్యాక్టరీ కొనదు. ఆ రోడ్డు మీదే ఒక బెల్లం గానుగ ఉంటే అక్కడికి చేరవేశాం. గానుగాయన వండిన కూలి కింద కొంత బెల్లం ఉంచుకొని మిగతాది మా పేరున అమ్మిపెట్టాడు. గంజ్‌లో దొరకని డబ్బు అలా దొరికింది. కుక్క సికింద్రాబాద్‌లో తిని, తిరిగి, పాఠాలు నేర్చుకుంటున్నదంతా చందూరు చెరుకు మీదే అని కార్యదర్శిగారు అందరికీ చెప్పేవారు.

ఏడాది తిరగకముందే, వానలు వెనకబట్టే రోజుల్లో ఆ మిలిటరీ మనిషి కుక్కను రైల్లో తెచ్చాడు. ఎత్తైన కుక్క. చెవులు నిక్కబొడుచుకొని, ఎవరినీ పట్టించుకోనట్టు నడిచేది. దాని వీపు మీద తోలు పట్టీ, పట్టీకి గట్టి పిడి. పల్లెలో ఉన్నన్ని రోజులూ అతను ఇద్దరినీ, మనిషినీ కుక్కనూ, షెడ్డు దాకా నడిపించాడు. గుంత వస్తే కుక్క అడ్డం నిలబడేది. అతను ఆగేవాడు. వారం తిరిగేసరికి ఇద్దరూ నాకంటే వేగంగా నడుస్తున్నారు. పోయేముందు ఆ మిలిటరీ మనిషి ఊరి వాళ్ళనూ మమ్మల్నీ నిలబెట్టి ఒకటే మాట చెప్పాడు. "పట్టీ వేసినంక అది డ్యూటీ మీద ఉన్నట్టు. ఎవరూ ముట్టొద్దు. పిలవొద్దు. తిండి పెట్టొద్దు. తిండి ఇతని చేతి నుంచే." అందరం తల ఊపాం.

అతను వెళ్ళాక ఫ్యాక్టరీ మొదలైంది. మొదటి బండ్లు వచ్చిన రోజు కార్యదర్శిగారు కాంటా దగ్గర ఒక రాయి మీద నిలబడి చిన్న ఉపన్యాసం ఇచ్చారు. కుక్కను చూపించి, "ఇది మీ చెరుకుతో వచ్చింది. ఇది మీ కుక్క" అన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మిలిటరీ మనిషి చెప్పిన మాటకూ ఈ మాటకూ పొసగదని ఒక్కరికీ తట్టలేదు. ఇంకో సంగతీ తట్టలేదు. కుక్క నేర్చుకున్నదంతా ఖాళీ రోడ్డు మీద. దాని యజమానులు వందల మంది బండ్లతో దిగింది ఆ తరువాత.

చందూరు పెద్దాయన మొదటివాడు. తలపాగా కొసన ముడివేసుకొన్న బెల్లం ముక్క విప్పి దాని ముందు పెట్టాడు. "నా గడ ఉన్నది దీంట్ల" అన్నాడు. వెనకాయన జొన్నరొట్టె తుంచాడు. ఒకడు తోక నాది అంటే ఇంకొకడు చెవులు నావి అనేవాడు. నువ్వు చిన్న గడ ఇచ్చినవు, నీకు గోరే వస్తది అని మూడోవాడు. ఎవరి ముఖంలోనూ చెడ్డ బుద్ధి లేదు. పొద్దంతా లైనులో కూర్చునే వాళ్ళకు దాన్ని చూడటమే ఒక పండగ. చూపు లేనతను, "పెట్టకుండ్రి అన్నా, పని మీదున్నది" అంటే, "ఒక్క ముక్కనే తమ్మీ" అనేవాళ్ళు. ఒక్కొక్కరు ఒక్క ముక్కే పెట్టేవాళ్ళు.

కుక్కకు తెలివి ఎక్కువ. బండి కనిపిస్తే ఆగాలని నేర్చుకుంది. అతను షెడ్డు చేరే వేళ రోజురోజుకూ వెనక్కి జరిగింది. ఒక్కోసారి తోటివాళ్ళు మధ్యాహ్నం సద్ది విప్పేటప్పుడు వచ్చేవాడు. షెడ్డులో అతని చోటు కోసం బాన్సువాడ వైపు నుంచి ఇంకొక అబ్బాయి ఎదురుచూస్తున్నాడు. అతనికీ ఇల్లు గడవాలి. శివరాత్రి దాకా చూద్దామని కార్యదర్శిగారు గడువు పెట్టారు. ఆ లోపల ఒక రోజు తానే, సేటును వెంటబెట్టుకొని, చూడటానికి వచ్చారు.

ఆ రోజు అతనూ కుక్కా రానే లేదు. సేటు గడియారం చూస్తూ కూర్చున్నాడు. నాకు కాళ్ళు ఆగక రోడ్డు మీదికి వెళ్ళాను. లైనులో ఎవరినడిగినా చూశామనే చెప్పారు. "ఇప్పుడే పాయె. నేనే రొట్టె పెట్టిన" అని ఒకడు, నా మొహం చూడకుండానే, సంతోషంగా. ఆఖరి బండి దాటాక ఎవరూ చూడలేదు. అక్కడ రోడ్డు దిగి గానుగకు పోయే దారి ఉంది.

అతను అక్కడే ఉన్నాడు. పొగ, ఆవిరి. బెల్లం పెనం కుతకుత ఉడుకుతోంది. పెనం గోతికి రెండడుగుల ఇవతల కుక్క అతని మోకాళ్ళకు అడ్డంగా, గోడలా నిలబడి ఉంది. అతన్ని కదలనివ్వడం లేదు. అలా నిలబడే, గానుగ మనిషి నేల మీద పెట్టిన బెల్లం చెక్కను నాకుతోంది. గానుగ మనిషి కూడా మన కుక్క వచ్చిందని సంబరపడుతున్నాడు.

"అక్కా, నువ్వేనా? షెడ్డుకు ఇంత మంచి వాసన ఎప్పుడొచ్చిందా అని చూస్తున్న" అన్నాడు అతను. మాట నవ్వులాటగానే ఉంది. పిడిని మాత్రం రెండు చేతులా పట్టుకున్నాడు. నేను కుక్కను తిట్టబోతే ఆపాడు. "దాన్నేమనకు. తోలుకొచ్చింది అదే, ఆపింది అదే."

షెడ్డులో సేటు, తాను ముందే చెప్పానన్నాడు. నిజంగానే చెప్పాడు. కార్యదర్శిగారు, కుక్కను సికింద్రాబాద్ పంపేద్దామని, శివరాత్రి మరునాటి నుంచి ఆ చోట బాన్సువాడ అబ్బాయి కూర్చుంటాడని అన్నారు.

మరునాడు నేను లైను పొడుగునా బండి బండికీ నడిచి చెప్పాను. మీరు పెట్టే ముక్క వల్ల అతని పని పోతుంది అని. అందరూ అయ్యో అన్నారు. తల ఊపారు. ఆ మర్నాడు మళ్ళీ పెట్టారు. "ఏం చెయ్యమంటవు అక్కా, అది ఆగి మొగం చూస్తది. ఉత్త చేతులు ఎట్ల చూపియ్యాలె?" అన్నాడు ఒక పడుచువాడు. నా చదువులో అలాంటి ప్రశ్న ఎక్కడా రాలేదు.

సాయంత్రం మడి దగ్గరికి వెళ్ళి అతని భార్యకు అంతా చెప్పాను. ఆమె కొడవలి ఆపలేదు. కొట్టిన గడ ఆకు రాల్చి పక్కన వేస్తూ విన్నది. షెడ్డులో చోటు పోతుందన్న మాట దగ్గర ఒక్కసారి నడుం ఎత్తింది. "నువ్వు బతిలాడితివి" అంది. అంతే.

తెల్లవారి కాంటా లైనులోకి ఆమె ఒక చెరుకు మోపు నెత్తిన పెట్టుకొని వచ్చింది. ముందు రోజు కూలి కింద రైతు దగ్గర పట్టుకొని వచ్చిందని తరువాత తెలిసింది. చందూరు పెద్దాయన బండి ముందు మోపు దించి, ఒక గడ గుంజి అతని ముందు పట్టుకుంది.

"ఇదేంది చెల్లె?"

"నీ గడ. పోయినేడు ఇచ్చినవు గద. తీసుకో."

"ఇచ్చింది ఎవరన్న వాపస్ తీసుకుంటరా?"

"తీసుకోకుంటే నీ భాగం కుక్కల ఉన్నట్టే. ఉన్నన్ని దినాలు నువ్వు పెడుతనే ఉంటవు. తీసుకో. భాగం తెగిపోతది. ఇగ అది మాది. నీకేం కాదు."

పెద్దాయన గడ వంక చూశాడు కాని చేయి చాచలేదు. వెనక బండ్ల వాళ్ళు దిగి చుట్టూ చేరారు. మున్షీ చీటీలు వదిలి వచ్చాడు.

"బుక్కెడు పెట్టినందుకు ఇంత మాటనా?" అన్నాడు పెద్దాయన.

"నువ్వు పెట్టిన బుక్కెడు నా ఇంట్ల బుక్కెడు తీస్తున్నది" అంది ఆమె. గొంతు పెంచలేదు. ఇంకో గడ గుంజి రెండో బండి మనిషి ముందు పట్టింది. అతను రెండడుగులు వెనక్కి వేశాడు. మూడోవాడు చేతులు వెనక పెట్టుకున్నాడు. చెరుకు గడ అంటే పామును చూసినట్టు చూస్తున్నారు, బండ్ల నిండా చెరుకు పెట్టుకొని.

కొంతసేపటికి పెద్దాయనే, "అది నీ దగ్గర్నే ఉంచు చెల్లె. నా చేతులు నేను కట్టేసుకుంట" అన్నాడు.

"అందరు?"

"అందరు."

ఆమె నిలబడి ఒక్కొక్కరి మొహమూ చూసింది. తరువాత మోపు వైపు చూసి, "మల్ల నేనే మోసుకపోవాల్నా దీన్ని?" అంది. అప్పుడు ఎవరో నవ్వారు. పడుచువాడు మోపు విప్పి ఎడ్ల ముందు పరిచాడు. ఆమె కొడవలి నడుముకు చెక్కుకొని, ముఠాలో సగం దినమైనా దొరుకుతుందేమోనని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

అమ్మాయిలూ, ఈ ఉద్యోగంలో ఇవ్వడం నేర్పాలని మనం బయలుదేరుతాం. ఇచ్చినవాళ్ళకు చేయి వెనక్కి తీసుకోవడం నేర్పడం నాకు చేతకాలేదు. ఆమె నేర్పింది. నాకింకా పూర్తిగా రాలేదు. నిన్న మా పిల్ల మంచం కోడు వదిలి రెండడుగులు వేసింది. మూడోది వేసేలోపే ఎత్తుకున్నాను. చాలా కోపంగా ఏడ్చింది.

అలవాటు ఒక్క రోజులో పోలేదు. రెండు మూడు రోజులు కుక్క ప్రతి బండి దగ్గరా ఆగింది, మొహాలు చూసింది, మళ్ళీ కదిలింది. నేను చాలా వెనక, చీర కొంగు పిడికిట్లో పట్టుకొని నడిచేదాన్ని. శివరాత్రికి ముందు రోజు పొద్దున మంచు ఇంకా విడవలేదు. లైను కాంటా దగ్గర నుంచి కనుచూపు మేర ఉంది. అతను వేళకే వచ్చాడు. బండి మీదున్న ప్రతి మనిషీ చేతులు చంకల్లో పెట్టుకొని, నోరు కట్టుకొని కూర్చున్నాడు. చందూరు పెద్దాయన ఆకాశం వంక చూస్తున్నాడు. కుక్క ఆయన బండి దగ్గర కొంచెం నెమ్మదించింది. ఆగలేదు.

ఎప్పుడూ తమ్మీ అని పిలిచే గొంతులు ఒక్కటీ వినపడకపోయేసరికి అతనికి అర్థమైనట్టుంది. మెడ గంటల చప్పుడు వైపు తల తిప్పి, నడక తగ్గించకుండానే అన్నాడు.

"ఇయ్యాల ఎడ్లే వచ్చినట్టున్నయి. మనుషులెవ్వరు రాలేదా?"

లైనులో ఒక్కరూ పలకలేదు. అతను షెడ్డు మలుపు తిరిగేదాకా పెద్దాయన చంకల్లోంచి చేతులు తీయలేదు.